ముద్ర పడని పాస్‌పోర్టు

నేను ఒక పాస్‌పోర్టుని. ముదురు నీలం అట్ట, దాని మీద బంగారు రంగు సింహాలు. నాసిక్‌లో అచ్చయ్యాను. యంత్రంలోంచి బయటికి వచ్చినప్పుడు నాకు పేరూ ఊరూ లేవు, ముఖం కూడా లేదు. విశాఖపట్నం ఆఫీసులో ఒక మధ్యాహ్నం ఎవరో గుమాస్తా నన్నొక మనిషికి రాసిచ్చేశాడు. చినిమిల్లి వీరరాఘవులు, నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా. ఫొటోలో ఆయన ఊపిరి బిగబట్టి, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు కళ్ళు పెద్దవి చేసుకుని ఉంటారు. ఫొటో తీసినవాడు నవ్వొద్దన్నాడట.

నా తర్వాతి నెంబరు పాస్‌పోర్టు ఆయన భార్య నాగరత్నం గారిది. ఒకే పూట తయారయ్యాం, ఒకే పోస్ట్‌మాన్ చేతిలో ఇంటికి చేరాం. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా బాధంతా దానితోనే. ఎక్కడో ఉన్నవాళ్ళ వైభవాన్ని ఓర్చుకోవచ్చు. పక్కనే పడుకున్నదాని వైభవాన్ని ఓర్చుకోవడం ఎంత కష్టమో తోబుట్టువులున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

రాఘవులు గారికి రొయ్యల చెరువులున్నాయి. చెరువులున్నవాళ్ళు సరదాగా సింగపూరు, బ్యాంకాకు వెళ్ళి వస్తున్న రోజుల్లో, మనకీ ఒకటి ఉంటే మంచిదని మమ్మల్ని చేయించారు. కానీ ఆ ఏడు చెరువుకి తెగులొచ్చింది. మరుసటి ఏడు ధర పడిపోయింది. ఆ తర్వాత కూతురి పెళ్ళి చేసి తణుకు పంపారు. మేమిద్దరం బీరువాలో పట్టుచీరల కింద, కలరా ఉండల వాసనలో పడుకునే ఉన్నాం. అప్పుడు నాకు ఏ బాధా లేదు. అదీ ఖాళీ, నేనూ ఖాళీ.

అసూయ అంటే ఏమిటో నాకు నేర్పింది పెద్దిరాజు గారు. ఆయన నాగరత్నం గారి అక్కమొగుడు. రాజమండ్రిలో ఇళ్ళస్థలాల వ్యాపారం. ఒక ఆదివారం భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కోకముందే జేబులోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టారు.

"దుబాయిలో ఫ్లాటు కొన్నాను తమ్ముడూ. పదేళ్ళ వీసా ఇచ్చేశారు. ఇంక మనం అక్కడివాళ్ళమే అనుకో."

"ఎప్పుడు కొన్నారన్నయ్యగారూ? చెప్పనే లేదు!"

"చెప్పి కొనేవాళ్ళు కొనలేరయ్యా. నీకసలు పాస్‌పోర్టుందా?"

రాఘవులు గారు పౌరుషంగా బీరువా తెరిచి నన్ను తెచ్చారు. పెద్దిరాజు గారు నా పేజీలు బొటనవేలితో ఒక్కసారి రెపరెపలాడించి, "బడికెళ్ళని పిల్లాడి పలకలాగుందే!" అని నవ్వారు. తన పాస్‌పోర్టు తీసి నా పక్కన పెట్టారు. అది ముద్రలతో ఉబ్బి, అంచులు మాసి, ఎంతో లోకం చూసినదానిలా వెల్లకిలా పడుకుంది. నేను కొత్త పెళ్ళికూతురిలా ముడుచుకుపోయాను. ఆ పూట రాఘవులు గారికి చేపల పులుసు సహించలేదు. నాకు తిండి అవసరం లేదు కాబట్టి సరిపోయింది.

మర్నాటినుంచి ఆయన నన్ను చేతిసంచీలో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. విజయవాడలో ఒక ఏజెంటు ఉన్నాడు, కౌశిక్ అని. చీరల కొట్టువాడు చీరలు పరిచినట్టు బల్ల మీద దేశాలు పరిచేవాడు. ఈ దేశంలో ఇల్లు కొంటే ఉండనిస్తారు. ఆ దేశంలో బ్యాంకులో డబ్బు వేసి ఉంచాలి. ఇంకో చోట వ్యాపారం పెట్టి వాళ్ళ మనుషులకి ఉద్యోగాలివ్వాలి. మరో చోట పెన్షనో అద్దెలో వస్తున్నాయని చూపిస్తే చాలు. రాఘవులు గారు ఒక్కొక్కదాన్నీ పట్టుకుని చూసి, దుబాయి కంటే పెద్దదేనా అని అడిగేవారు.

"ఇవన్నీ ఎందుకు సార్, ఇది చూడండి," అని ఒకనాడు కౌశిక్ సముద్రం మధ్యలో చుక్కలాంటి ఒక దీవిని చూపించాడు. "ఇక్కడ పెట్టుబడి పెడితే వీసా కాదు, పాస్‌పోర్టే ఇస్తారు. ఇది మాత్రం వదులుకోవాలి, మన దేశం రెండు ఒప్పుకోదు." ఇది అంటూ వాడు వేలు పెట్టింది నా మీద.

నేను ఇంకా పుట్టని పాస్‌పోర్టు మీద కుళ్ళుకున్నాను. దాని అట్ట ఏ రంగో కూడా నాకు తెలియదు. అయినా ఇంటికొచ్చేదాకా సంచీలో దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. నన్ను కాపాడింది నాగరత్నం గారు.

"ఆ దీవిలో ఏం చేస్తామండీ మనం?" అన్నారు అన్నం వడ్డిస్తూ.

"ఉంటాం."

"ఉండి?"

రాఘవులు గారు అన్నం కలుపుకున్నారు. దీవి మునిగిపోయింది.

చివరికి పోర్చుగల్ దగ్గర ఆగారు. అక్కడా సముద్రం ఉంది, అక్కడి జనమూ చేపలు తింటారు, ఇల్లు కొంటే వీసా ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం, అది యూరపు. పెద్దిరాజు గారికి ఫోను చేసి, "మేం యూరపులో చూసుకుంటన్నామన్నయ్యగారూ. దుబాయిలో ఎండలు కదండీ," అన్నారు. అవతల ఎంతసేపటికీ చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం ఆయనకి విందుభోజనంలా ఉంది. నాకూ అంతే.

ఇంటి ప్లాన్లు చూస్తుండగానే కబురొచ్చింది. ఇల్లు కొన్నవాళ్ళకి వీసా ఇచ్చే పద్ధతిని అక్కడి ప్రభుత్వం ఎత్తేసింది. తమ ఊళ్ళలో తమకే ఇళ్ళు దొరకడం లేదని జనం గోల పెట్టారట. కౌశిక్ ఫోనులో వేరే దారులేవో చెబుతూనే ఉన్నాడు. రాఘవులు గారు వినలేదు. నన్ను బీరువాలో పడేసి తలుపు గట్టిగా వేశారు. పెద్దిరాజు గారితో మాత్రం పని జరుగుతోందనే చెబుతూ వచ్చారు.

ఆ రోజుల్లోనే గ్రాసా గారు వచ్చారు.

నాగరత్నం గారు లేసు అల్లుతారు. ఈ ప్రాంతంలో చాలామంది ఆడవాళ్ళు అల్లుతారు గానీ, ఈవిడ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళకి నూలిచ్చి, కొత్త అల్లికలు నేర్పి, వాళ్ళు చేసినదాన్ని సరిచూసి ఎగుమతి చేసేవాళ్ళకి అమ్ముతుంటారు. రాఘవులు గారు దానికి పెట్టిన పేరు కాలక్షేపం. గ్రాసా గారికి పోర్చుగల్‌లో ఒక సముద్రపు ఒడ్డు ఊళ్ళో లేసు కొట్టుంది. నాగరత్నం గారి చేతిపని ఎక్కడో చూసి, చేసిన మనిషిని వెతుక్కుంటూ నరసాపురం వచ్చారు. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, మెట్ల మీద చెప్పులు విడిచి లోపలికి వచ్చిన మొదటి నిమిషంలోనే ఆవిడ ఇంటి మనిషయిపోయారు.

విదేశీయులు ఇంట్లో దిగితే వాళ్ళ వివరాలు ప్రభుత్వానికి తెలపాలి. అందుకని రాఘవులు గారు ఆవిడ పాస్‌పోర్టు అడిగి తీసుకున్నారు. ముదురు ఎరుపు రంగు అట్ట. అవసరం లేకపోయినా బీరువాలోంచి నన్ను తీసి దాని పక్కన పెట్టుకుని చూశారు. "ఇదుంటే చాలా దేశాలకి వీసా అడగరంట," అన్నారు భార్యతో. తలుపు తోసుకుని వెళ్ళిపోయేవాళ్ళు కొందరు, తలుపు దగ్గర నిలబడి తామెవరో చెప్పుకోవలసినవాళ్ళు కొందరు. అది మొదటిరకం, నేను రెండోరకం. పైగా ఆ ఎర్రదానికి గర్వం కూడా లేదు. అదే నాకు ఎక్కువ మంటగా ఉంది.

గ్రాసా గారు దిండు మీద గుండుసూదులు గుచ్చి, చెక్కపుల్లలకి చుట్టిన దారాలతో అల్లేవారు. నాగరత్నం గారు కొక్కెం సూదితో అల్లేవారు. ఇద్దరికీ తెలిసిన ఇంగ్లీషు కలిపినా ఒక మాట పూర్తయ్యేది కాదు. అయినా వరండాలో పొద్దస్తమానం కూర్చుని, ఒకరి పని ఒకరు లాక్కుని చూసుకుని, నవ్వుకునేవారు. వెళ్ళేముందు గ్రాసా గారు ఫోనులో తన భాషలో మాట్లాడి, అది తెలుగులో చెప్పిందాన్ని వినిపించారు. "నువ్వు మా ఊరు రా. ఇద్దరం కలిసి కొట్టు పెడదాం. నేర్చుకునేవాళ్ళకి నేర్పుదాం. సొంత వ్యాపారం పెట్టేవాళ్ళకి మా దేశంలో వేరే వీసా ఉంది."

నాగరత్నం గారు నవ్వేసి ఊరుకున్నారు. ఆ మాట పట్టుకున్నది రాఘవులు గారు. "నీ పేరు మీద పెడదాం రత్నం! ఇల్లు కొనక్కర్లేదు, దారి అదే దొరికింది!" అని ఆ సాయంత్రమే కౌశిక్‌కి ఫోను చేశారు. ఆవిడ పేరు ఆయనకి ఒక తలుపు. తలుపు తెరిచాక ముందు నడిచేది తనేనని ఆయన నమ్మకం. నాదీ అదే నమ్మకం.

హైదరాబాదులో వీసా దరఖాస్తులు తీసుకునే చోటికి వెళ్ళాం. రాఘవులు గారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నన్ను పైన, ఆవిడదాన్ని కింద పెట్టి కౌంటరులోకి తోశారు. అక్కడున్న అమ్మాయి కిందదాన్ని పైకి తీసింది.

"మేడమ్‌ది ముందు సార్. మెయిన్ అప్లికెంట్ ఆమెనే కదా."

"ఇద్దరిదీ ఒకటేనమ్మా. నేను వాళ్ళాయన్ని."

"అక్కడ మీరేం చేస్తరు సార్?"

రాఘవులు గారు భార్య వైపు చూశారు. "ఆవిడతో ఉంటాను," అన్నారు చివరికి. మొన్న దీవి గురించి అన్నప్పుడు బాగానే ఉన్న మాట, ఇక్కడ ఎంత చిన్నగా వినిపించిందో!

ఆ అమ్మాయి జాలిగా చెప్పింది. "మీది ఇప్పుడు కాదు సార్. మేడమ్ వెళ్ళి, అక్కడ కార్డు తీసుకున్నంక, కుటుంబం కింద మిమ్మల్ని పిలిపించుకోవాలె." నన్ను వేళ్ళ చివరతో వెనక్కి తోసింది. నాగరత్నం గారి పాస్‌పోర్టుని లోపలికి తీసుకెళ్ళారు. ఒకే పూట పుట్టినవాళ్ళం. దాన్ని లోపలికి, నన్ను బయటికి.

కొన్ని వారాల తర్వాత అది తిరిగి వచ్చింది. ఒక పేజీ నిండా మెరిసే వీసా అంటించి ఉంది, దాని మీద నాగరత్నం గారి ఫొటో. బీరువాలో నా మీద పెట్టారు దాన్ని. ఒక్క కాగితం ఎంత బరువుంటుంది? నాకు మాత్రం రోకలి పెట్టినట్టుంది.

మర్నాడు రాఘవులు గారు మా ఇద్దర్నీ సంచీలో వేసుకుని చెరువుల దగ్గరున్న షెడ్డుకి తీసుకెళ్ళారు. మేత బస్తాల పక్కనున్న బల్ల డ్రాయరులో పెట్టి తాళం వేశారు. ఎవరికీ చెప్పలేదు. ఆ వీసా మీద, ఏ తేదీలోపల ఆ దేశంలో అడుగుపెట్టాలో అచ్చేసి ఉంది. ఆయనకి అది తెలుసు. చీకట్లో ఆవిడదాని మెరుపు కనిపించకుండా పోయినందుకు నేను సంతోషించాను.

నాలుగు రోజులు వెతికి, నాగరత్నం గారు షెడ్డుకి వచ్చారు. చెరువు గట్టు మీద ఆవిడ చెప్పుల చప్పుడు నాకు డ్రాయరులోకి వినిపించింది.

"నా పాస్‌పోర్టు ఎక్కడ పెట్టారండీ?"

"నాకేం తెలుసు? బీరువాలో చూడు."

"చూశాను. మీదీ లేదు. దొంగొచ్చి పట్టుచీరలొదిలేసి పుస్తకాలట్టుకుపోయాడా?"

బయట రొయ్యలకి గాలి అందించే చక్రాలు నీటిలో తిరుగుతున్న చప్పుడు.

"నీ వెనకాల సంచీ మోసుకుంటూ రావాలా నేను?" అన్నారు రాఘవులు గారు. "పెళ్ళాం పిలిస్తే గానీ రానివ్వరంట. పెద్దిరాజు వింటే ఊరంతా చెప్పి నవ్వుతాడు."

"చెరువులు కౌలుకి పట్టారని కాళ్ళ ఊరు తీసుకెళ్ళారు, వచ్చాను. అక్కడ పోగొట్టుకుని మళ్ళీ ఇక్కడికి తెచ్చారు, వచ్చాను. ఏ రోజైనా మీ వెనకాల వస్తన్నానని నేను ఏడ్చానేటండీ? ఏ రోజైనా వస్తావా అని మీరడిగారేటండీ?"

"అది వేరు."

"ఏం వేరు?"

ఆవిడ మెల్లిగా అన్నారు. "పోయిందని రాసిచ్చి కొత్తది తెచ్చుకుంటాను. ఈ వీసా పోద్ది, పోనివ్వండి. మళ్ళీ పెడతాను. అదీ దాచేయండి. మళ్ళీ పెడతాను. మీకు దాచడం విసుగొస్తది గానీ నాకు పెట్టడం విసుగు రాదండీ."

చెప్పుల చప్పుడు గట్టు మీదుగా వెళ్ళిపోయింది. రాఘవులు గారు బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నారు. తాళం మాత్రం తియ్యలేదు. మనుషుల మనసు కరగడం గురించి కథల్లో చెప్పేవన్నీ నేను అప్పటినుంచి నమ్మడం మానేశాను. తాళం తీయించింది కరుణ కాదు. పెద్దిరాజు గారు.

ఆయన రెండు రోజుల తర్వాత కారులో నేరుగా షెడ్డుకే వచ్చారు. కబురు అక్కచెల్లెళ్ళ ఫోను మాటల్లో ఆయనకి చేరిపోయింది.

"మరదలికి యూరపు వీసా వచ్చిందంటగా! ఎంత పెట్టావు తమ్ముడూ?"

"ఏం పెట్టలేదన్నయ్యగారూ."

"నా దగ్గర దాపరికమేంటయ్యా? ఊరికే ఎవడిస్తాడు? నాకు ఫ్లాటు కొన్నాక గానీ ఇవ్వలేదు."

"ఊరికే ఇవ్వలేదండి. ఆవిడ పని చూసి ఇచ్చారు."

"ఏ పని? ఆ లేసు పనా?" పెద్దిరాజు గారు నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగిపోయింది. "ఆ లేసుకా?" అన్నారు మళ్ళీ. ఈసారి అది ప్రశ్న కాదు, కడుపుమంట. నాకు ఆ శబ్దం బాగా పరిచయం.

రాఘవులు గారు కూడా దాన్ని గుర్తుపట్టారు. కుర్చీ వెనక్కి జరిగింది. ఆయన గొంతులో చాలా రోజుల తర్వాత హుషారు వినిపించింది. "అదేనండి అన్నయ్యగారూ. మీకు ఇంటిని చూసి ఇచ్చారు. మా ఆవిడికి మనిషిని చూసి ఇచ్చారు."

పెద్దిరాజు గారు కొబ్బరిబోండం సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. కారు చప్పుడు దూరమయ్యేదాకా రాఘవులు గారు నిలబడే ఉన్నారు. తను అన్న మాటని తనే మళ్ళీ ఒకసారి మెల్లిగా అనుకున్నారు. "మనిషిని చూసి ఇచ్చారు." ఆ రెండోసారి అందులో పెద్దిరాజు లేరు. తర్వాత తాళం తీసి, ఆవిడ పాస్‌పోర్టుని చొక్కా అంచుతో తుడిచి, జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయారు. నన్ను డ్రాయరులోనే వదిలేశారు.

హైదరాబాదు విమానాశ్రయానికి మాత్రం నన్ను తీసుకెళ్ళారు. పాస్‌పోర్టు ఉంటే కొంతదూరమైనా లోపలికి వెళ్ళనిస్తారని ఆయన ఆశ. గుమ్మం దగ్గర జవాను నన్ను తిరగేసి చూసి, "టికెట్?" అన్నాడు. టికెట్టు ఆవిడకే ఉంది. రాఘవులు గారు పక్కకి తప్పుకున్నారు.

నాగరత్నం గారు అప్పగింతలు మొదలుపెట్టారు. నూలు ఎవరెవరికి ఇవ్వాలి, తయారైనవి ఎలా మడతపెట్టాలి, ఎవరి ఇంట్లో పురుడుందో, ఎవరిని తొందరపెట్టకూడదో. ఆయన అన్నిటికీ ఊ కొట్టారు. చివరికి ఆవిడ సంచీ భుజాన వేసుకుని, "మీరు రాకపోతే అక్కడ ఉండలేనని అననండీ. ఉంటాను," అన్నారు. లోపలికి ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగారు. "కానీ రండి."

ఫొటోలో ఉన్న కళ్ళలాగే అయ్యాయి ఆయన కళ్ళు, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు. పిలుపు ఎదురుగా ఉన్న మనిషి నుంచి వచ్చింది, అంతే తేడా.

ఆ తర్వాత నరసాపురంలో ఒక వింత జరిగింది. రొయ్యల రాఘవులు గారు మోటారుసైకిలు మీద నూలు కట్టలు వేసుకుని ఊళ్ళు తిరిగారు. మొదట ఆడవాళ్ళు ఆయన ముందు నవ్వు ఆపుకోలేక చచ్చారు. మరియమ్మ అనే ఆవిడ ఒకరోజు ముఖం మీదే అడిగేసింది. "అమ్మగారైతే తేడా చూసి విప్పించేవారండి. మీరేంటండి, అన్నీ బాగున్నాయంటారు?" ఆయన ఆ సాయంత్రం భార్యకి ఫోను చేసి, తేడా ఎలా చూడాలో అడిగారు. ఫోనులో అడగడం, ఆవిడ చెప్పడం, రోజూ ఒక అలవాటయింది. నేను ఆ ఇంటికి వచ్చినప్పటినుంచి వాళ్ళిద్దరూ అన్ని మాటలు మాట్లాడుకోగా నేను వినలేదు. ఫోనులో ఆవిడ తన కొత్త కార్డు చూపించినప్పుడు ఆయన సంబరపడ్డారు. ఆయనకి అసూయ పోయింది. దాన్ని ఎక్కడ పెట్టారో గానీ, మొత్తం నా దగ్గరే వదిలేసినట్టున్నారు.

ఆవిడ పిలుపు కాగితాలు వచ్చాయి. చెరువులు కౌలుకిచ్చి, ఆయన మళ్ళీ హైదరాబాదు బయలుదేరారు. నా రోజు వచ్చిందనుకున్నాను. కౌంటరులో అమ్మాయి నన్ను తెరిచి, చివరి తేదీ చూసి, తల అడ్డంగా ఊపింది. "దీనికి టైమ్ అయిపోవస్తుంది సార్. కొత్తది తెచ్చుకోండి."

కొత్తది తెచ్చుకున్నారు. పాస్‌పోర్టు ఆఫీసులో నా అట్ట మూల కత్తిరించి, లోపల ఒక ముద్ర కొట్టారు. నా జీవితంలో నా మీద పడిన మొదటి ముద్ర అది. రద్దు. నేను ఇన్నేళ్ళు ఆశపడ్డ వీసా, నిన్నగాక మొన్న పుట్టి ఒక్క రోజు కూడా కలరా ఉండల వాసన చూడని ఆ కొత్తదానికి పడింది. అందులో ఫొటోలో రాఘవులు గారు జుట్టు పలచబడి, కొంచెం నవ్వుతున్నట్టున్నారు. ఈసారి ఫొటో తీసినవాడు కూడా వద్దనలేదేమో.

పాతది కూడా దగ్గర ఉంచుకోమని ఎవరో చెప్పడంతో నన్నూ సంచీలో పడేశారు. అలా సముద్రాలు దాటాను. లిస్బన్‌లో అధికారి కొత్తదాన్ని తీసుకుని ముద్ర వేశాడు. నన్ను పైకి తీసి, కత్తిరించిన మూల చూసి, తెరవకుండానే ఇచ్చేశాడు. బయట నాగరత్నం గారూ, గ్రాసా గారూ నిలబడి ఉన్నారు. "ఆలస్యమైందేమండీ?" అన్నారు నాగరత్నం గారు. "క్యూ పెద్దదే రత్నం," అన్నారు ఆయన. సంచీ ఆయనే మోశారు.

ఇప్పుడు నేను లేసు కొట్టులో ఉంటున్నాను. కొట్టుకి అద్దాల తలుపు, ఎదురుగా సముద్రం. ఒకరోజు నాగరత్నం గారు అల్లికల నమూనాలు నలక్కుండా పెట్టడానికి ఏదైనా గట్టి పుస్తకం కావాలని వెతుకుతుంటే, రాఘవులు గారు నన్ను తీసిచ్చారు. ఆవిడ నా ఖాళీ పేజీల్లో ఒక్కొక్కదానికీ ఒక్కొక్క లేసు ముక్క అతికించారు. మరియమ్మ చేసింది ఒకటి, గ్రాసా గారిది ఒకటి, ఇక్కడ నేర్చుకుంటున్న ఒక సిరియా అమ్మాయిది ఒకటి. కొనేవాళ్ళు వచ్చినప్పుడు రాఘవులు గారు కొట్టు బల్ల వెనక నిలబడి, వచ్చీరాని పోర్చుగీసులో, ఇది మా ఆవిడ అల్లిందని నా పేజీలు తిప్పి చూపిస్తారు. కొందరు వేలితో తడిమి చూస్తారు. ఏ దేశపు ముద్రనూ ఎవరూ అలా తడిమి చూడగా నేనెరగను.

నాగరత్నం గారి పాస్‌పోర్టుకీ నాతోపాటే గడువు తీరింది; మెరిసే వీసాతో అది మేడ మీద అలమరలో, చీకట్లో ఉంది. దాన్ని ఏడాదికి ఒకసారి తీస్తే గొప్ప. నన్ను రోజూ తీస్తారు. అది నన్ను చూసి కుళ్ళుకుంటోందో లేదో నాకు తెలియదు.

కుళ్ళుకుంటే బాగుండును.